ఎనిమిదేళ్ల పికప్: ఆయిళ్లు, కూలెంట్, ఏసీ గ్యాస్

ఈ డీజిల్ పికప్ 2017లో కొన్నాను. మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నై కోయంబేడుకు టమోటా తోలడం నా పని. ఇప్పటికి 2,40,000 కిలోమీటర్లు దాటింది. ఏసీ ఉన్న రకం తీసుకున్నానని మార్కెట్లో అందరూ నవ్వారు, "టమోటాలకే లేని ఏసీ నీకెందుకబ్బా" అని. మే నెలలో రాణిపేట దగ్గర నా సీట్లో ఒక గంట కూర్చుంటే తెలిసేది వాళ్లకి. మైలేజీ గురించి, లోడు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను బానెట్ కింద సంగతే రాస్తాను. కంపెనీ పేరు ఎందుకులే, ఈ రకం బండ్లన్నిటికీ ఇదే కథ.

డబ్బు ఎక్కువ పోగొట్టుకున్నది ఏసీ గ్యాస్ దగ్గర. నాలుగో ఎండాకాలంలో చల్లదనం తగ్గింది. ఒక షాపులో గ్యాస్ కొట్టించాను, పదిహేను వందలు. మూడు వారాలు బాగుంది, మళ్లీ వేడి గాలి. మళ్లీ కొట్టించాను. మూడోసారి ఇంకో చోటికి వెళితే అక్కడి ముసలాయన బానెట్ ఎత్తి చూసి, "గ్యాసేమన్నా డీజిలా నాయనా, అయిపోయేదానికి? యాడో కారతా ఉంది" అన్నాడు. టార్చి వేసి కండెన్సర్ (గ్రిల్ వెనక ఉండి ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే పలక) కింది మూల చూపించాడు. అక్కడ అరచేయంత మేర దుమ్ము జిడ్డుగా అంటుకుని ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) ఆయిల్ కూడా కొంచెం కొంచెం బయటికి వస్తుందట, గ్యాస్ ఎగిరిపోయినా ఆయిల్ మరక మిగిలిపోతుంది. సబ్బు నీళ్లు పూస్తే బుడగలు వచ్చాయి. రాయి తగిలిన దెబ్బ. మొదటి రెండు సార్లూ ఎవరూ అక్కడికి వంగి చూడలేదు, నాతో సహా.

కండెన్సర్, డ్రయర్ (గ్యాస్‌లోని తేమ పీల్చే డబ్బా), జాయింట్ల దగ్గర రబ్బరు రింగులు మార్చాడు. అరగంట పైగా వాక్యూమ్ పెట్టి, అంటే మిషన్‌తో పైపుల్లోని గాలంతా లాగేసి, మిషన్ ఆపేశాక గేజ్ ముల్లు కదలకుండా నిలబడుతుందో లేదో చూశాడు. ఆ తర్వాతే గ్యాస్, అదీ తూకం వేసి. బానెట్ లోపలి స్టిక్కర్ మీద గ్యాస్ రకం (నా బండికి ఆర్-134ఎ), ఎన్ని గ్రాములు పట్టాలో రాసి ఉంటుంది. నాలుగేళ్లు రోజూ బానెట్ ఎత్తినా దాన్ని ఒక్కసారి చదవలేదు. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లన అనుకునేవాణ్ణి. అది తప్పు. ఎక్కువైతే ప్రెజర్ పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ కట్ అవుతూ ఉంటుంది.

ఆ కోపంలో సొంతంగా ఏసీ ప్రెజర్ కొలిచే గేజ్ సెట్ కొనుక్కున్నాను. నీలం (తక్కువ ప్రెజర్ వైపు), ఎరుపు (ఎక్కువ ప్రెజర్ వైపు), పసుపు పైపులది. గ్యాస్ నింపడానికి కాదు, చూసుకోవడానికి. 35 డిగ్రీల ఎండలో ఏసీ నడుస్తుండగా నా బండికి నీలం 40 పీఎస్ఐ (ప్రెజర్ కొలత) దగ్గర, ఎరుపు 220 దగ్గర ఉంటుంది. రెండూ కలిసి పడిపోతే లీకు అని అనుమానిస్తాను. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు చూసే రీడింగ్‌ని నమ్మకండి. 30 డిగ్రీల దగ్గర రెండూ 97 అటూఇటుగా చూపిస్తాయి, లోపల గ్యాస్ నిండా ఉన్నా సగమే ఉన్నా. లోపల గ్యాస్ ద్రవంగా కొంచెం మిగిలి ఉన్నంత వరకూ ఆ ప్రెజర్ వేడిని బట్టే మారుతుంది. ఇంకో మాట, ఈ గ్యాస్ సున్నా కింద 26 డిగ్రీలకే మరుగుతుంది, చర్మం మీద పడితే మంచు కాలుస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా పైపు తగిలించొద్దు.

మిగిలిన వాటిలో బ్రేక్ ఆయిల్‌ని తక్కువగా చూడొద్దు. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి, వెనక నిండా టమోటా క్రేట్లు. ఒక రాత్రి సగం దిగాక పెడల్ మెత్తగా స్పాంజిలా లోపలికి పోయింది. రెండో గేరులో, హ్యాండ్ బ్రేక్‌తో ఎలాగో పక్కన ఆపాను. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. డబ్బాలో ఆయిల్ గీత దాకా ఉంది కానీ నాలుగేళ్ల పాతది. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్-3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, కాలు ఊరికే లోపలికి పోతుంది. ఇప్పుడు బండికి పుస్తకంలో రాసిన రకమే, రెండేళ్లకోసారి మొత్తం మార్పిస్తాను.

కూలెంట్ తగ్గితే మొదట్లో బోరు నీళ్లు పోసేవాణ్ణి. మా వైపు నీళ్లకి బిందెలే తెల్లగా పేరుకుపోతాయి, రేడియేటర్ ఊరుకుంటుందా? ఇప్పుడు కలిపి ఉన్న కూలెంట్ క్యాను సీటు వెనకే ఉంటుంది. చల్లారాకే మూత తీయాలి, దీనికి మినహాయింపు లేదు. ఇంజిన్ ఆయిల్ సమంగా ఉన్న చోట, లోడు లేకుండా, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకి చూస్తాను. డీజిల్ ఇంజిన్లో ఆయిల్ నాలుగు రోజులకే నల్లబడుతుంది, దానికి భయపడక్కర్లేదు. పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే మాత్రం బండి కదిలించొద్దు, నీళ్లు కలిశాయన్నమాట. స్టీరింగ్ ఆయిల్, గేర్ ఆయిల్, క్రౌన్ ఆయిల్ (వెనక యాక్సిల్‌లోది) ఎనిమిదేళ్లలో నన్ను ఏ ఇబ్బందీ పెట్టలేదు, పుస్తకం ప్రకారం మారుస్తున్నాను, అంతే.

కొత్త కండెన్సర్ వేసి నాలుగు ఎండాకాలాలు అయింది, మళ్లీ గ్యాస్ కొట్టించలేదు. ముందు గ్రిల్ వెనక సన్న కంతల జాలీ ఒకటి కట్టాను. వారానికోసారి దాంట్లో ఇరుక్కున్న పురుగులు దులపాలి, ఆ పని మా అబ్బాయిది.