గుండె పేషెంట్‌ను తరలించాలంటే విమానమా, హెలికాప్టరా, రోడ్డా?

"నాన్న విశాఖలో ఐసీయూలో ఉన్నారు డాక్టర్‌గారూ, హైదరాబాద్ తీసుకెళ్లాలి. ఎయిర్ అంబులెన్స్ మాట్లాడమంటారా, రోడ్డు మీద తెచ్చేయమంటారా?" ఇలాంటి ఫోన్లు తరచూ వస్తుంటాయి. అందరూ గంటలు, లక్షలు లెక్కేసుకుంటారు. క్యాబిన్ ఎత్తు ఎంత, అంటే విమానం లోపలి గాలి ఎంత ఎత్తులోని గాలితో సమానం అని అడిగేవాళ్లే ఉండరు. నా దృష్టిలో తేల్చేది అదే.

విమానం ఎంత పైన ఎగిరినా, లోపలి గాలి మామూలుగా 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీది గాలిలా ఉంటుంది. 8,000 అడుగుల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలోని 760 నుంచి సుమారు 565 మిల్లీమీటర్లకు (పాదరసం) పడిపోతుంది. ఆరోగ్యవంతుడికి ఆ తేడా తెలియదు. దెబ్బతిన్న గుండె ఉన్నవారి మానిటర్ చూడండి. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఒక్కో అంకె దిగుతుంటే పల్స్ పెరుగుతూ పోతుంది. ఆక్సిజన్ చాలక గుండె వేగం పెంచుతుంది, వేగం పెరిగేసరికి దానికే మరింత ఆక్సిజన్ కావాలి. ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని గుండె కుడివైపు భారం పడుతుంది. చాలామందికి ఆక్సిజన్ కాస్త పెంచితే సరిపోతుంది. కానీ నేల మీదే వెంటిలేటర్‌పై 80 శాతం ఆక్సిజన్ తీసుకుంటున్నవారికి అక్కడ నూరు శాతం ఇచ్చినా చాలదు.

అందుకే బుక్ చేసేముందు "సీ లెవెల్ క్యాబిన్ ఇస్తారా?" అని అడగండి. కింగ్ ఎయిర్ బి200 లాంటి విమానం సుమారు 15,000 అడుగుల్లో ఎగిరితే లోపల సముద్రమట్టపు పీడనాన్నే ఉంచగలదు. ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, మబ్బుల్లో కుదుపులూ ఉంటాయి. అయినా పట్టుబట్టండి.

స్ట్రెచర్ ఎటు తిప్పి పెట్టారన్నదీ చూడాలి. తల విమానం ముక్కు వైపు ఉంటే, టేకాఫ్‌లో రక్తం కాళ్లవైపు జారుతుంది. బీపీ నిలబెట్టడానికి మందులు ఎక్కుతున్నవారికి ఆ అర నిమిషమూ గండమే. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారికి మాత్రం తల ముందుకు, కాస్త ఎత్తుగా ఉండటమే నయం.

హెలికాప్టర్ తక్కువ ఎత్తులో పోతుంది కాబట్టి ఆక్సిజన్ బెడద తక్కువే. కానీ ఆ మోతలో స్టెతస్కోప్ పనిచేయదు, అదురుకు బీపీ రీడింగ్ నమ్మలేం. కొండ ప్రాంతాలకు, వరదలకు సరే.

రోడ్డును చాలామంది చిన్నచూపు చూస్తారు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కైతే నేను మంచి ఐసీయూ అంబులెన్స్‌కే ఓటేస్తాను. విమానమైతే మంచం నుంచి అంబులెన్స్‌కు, అక్కడి నుంచి విమానానికి, మళ్లీ అంబులెన్స్‌కు, మళ్లీ మంచానికి నాలుగుసార్లు మార్చాలి. మార్చిన ప్రతిసారీ ఏ లైన్ ఊడుతుందో, ఏ ట్యూబ్ జరుగుతుందో అని టెన్షనే. రోడ్డు మీద పరిస్థితి విషమిస్తే బండి ఆపొచ్చు, సూర్యాపేటలోనో నల్గొండలోనో ఆసుపత్రికి మళ్లించొచ్చు. విశాఖ నుంచైతే 600 కిలోమీటర్ల పైమాటే. అంతసేపు కుదుపులు, సడన్ బ్రేకులు పడటం కంటే సీ లెవెల్ క్యాబినే మేలు.

అప్పుడే వచ్చిన పెద్ద గుండెపోటైతే ఈ బేరీజు తర్వాత. 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ అయ్యే దారి లేకపోతే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడుతుందో లేదో ఉన్న ఊళ్లోని డాక్టర్‌నే ముందు అడగండి.