క్యాసిల్: హత్యల కథే, కానీ గుర్తుండిపోయేది ఆ ఇల్లు

పని ముగిశాక మనసు కాస్త తేలికపడాలంటే నేను ఇప్పటికీ పెట్టుకునేది ‘క్యాసిల్’ సిరీసే. అమెరికాలో ఏబీసీ ఛానెల్‌లో 2009 మార్చిలో మొదలై 2016 మేలో ముగిసింది. 8 సీజన్లు, 173 ఎపిసోడ్లు. అన్నీ చూశాను, నచ్చినవి మళ్లీ మళ్లీ చూస్తున్నాను. హంతకుడెవరో ముందే తెలిసినా విసుగు రాదు. నన్ను కూర్చోబెట్టేది ఆ ఇంటి మనుషులు.

రిచర్డ్ క్యాసిల్ న్యూయార్క్‌లో పేరున్న క్రైమ్ నవలల రచయిత. అతని నవలల్లో ఉన్నట్టే ఎవరో హత్యలు చేస్తుంటే, డిటెక్టివ్ కేట్ బెకెట్ అతణ్ని ప్రశ్నించడానికి పుస్తకావిష్కరణ పార్టీకి వస్తుంది. వెనక నుంచి పిలిచింది అభిమాని అనుకుని, పెన్ను పట్టుకుని సంతకం ఎక్కడ పెట్టమంటారంటూ తిరుగుతాడు. ఎదురుగా పోలీసు బ్యాడ్జి! అదే పార్టీలో అతని పదిహేనేళ్ల కూతురు అలెక్సిస్ బార్ దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ ఉంటుంది. ఆ ఇంట్లో అల్లరంతా తండ్రిది, పెద్దరికమంతా కూతురిది.

నాయనమ్మ మార్తా రంగస్థల నటి. కొడుకు ఇంట్లోనే ఉంటుంది, ఏ మాటనీ మనసులో దాచుకోదు. సూసన్ సలివన్ ఆ పాత్రలో గుమ్మంలోకి అడుగుపెడితే చాలు, సీన్‌కి కళ వస్తుంది. బెకెట్ దర్యాప్తుల్లో క్యాసిల్ కూడా వెంట తిరుగుతుంటాడు. కేసు ఎటూ తెగక ఇంటికి వస్తాడు. తల్లో కూతురో తమ గొడవేదో చెప్పుకుంటుంటే అందులో ఒక్క మాట అతనికి తగులుతుంది. చూపు ఒక్క క్షణం నిలిచిపోతుంది, వెంటనే పరుగు. చాలా ఎపిసోడ్లలో ఇదే పద్ధతి, అయినా ఆ క్షణం కోసం నేను ఎదురుచూస్తూనే ఉంటాను. నేథన్ ఫిలియన్ ముఖంలో ఆ మార్పు అంత బాగుంటుంది.

అలెక్సిస్‌గా మోలీ క్విన్ మన కళ్లముందే పెరుగుతుంది. ఇంట్లో తండ్రితో లేజర్ తుపాకులతో ఆడుకున్న పిల్ల నాలుగో సీజన్‌కి మార్చురీలో డాక్టర్ లేనీ దగ్గర పని నేర్చుకుంటుంది. ఐదో సీజన్‌లో ఆమెను ఎత్తుకుపోయినప్పుడు క్యాసిల్ ఒంటరిగా పారిస్ వెళ్తాడు. ఎప్పుడూ నవ్వించే మనిషి ముఖంలో ఆ రెండు ఎపిసోడ్లలో నవ్వే ఉండదు. ఆడపిల్ల తండ్రులకి గుండె పట్టేస్తుంది.

బెకెట్‌ది మరో రకం బాధ. 1999లో ఆమె తల్లి హత్యకు గురైంది. ఆ కేసే సిరీస్ పొడుగునా వెంటాడుతుంది. స్టానా కాటిక్ ఎక్కడా అతి చేయలేదు.

ఎనిమిదో సీజన్ నాకు నచ్చలేదు. అన్నేళ్లు ఎదురుచూశాక పెళ్లయిన క్యాసిల్, బెకెట్‌లను సరైన కారణం లేకుండా దూరం చేశారు. క్యాసిల్ సొంతంగా నడిపే ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసులో అలెక్సిస్ చేయి కలపడం ఒక్కటే ఊరట. ముగింపు కూడా హడావిడిగా చుట్టేశారు.

మొదటి సీజన్ 10 ఎపిసోడ్లే, అక్కడి నుంచే మొదలుపెట్టండి. చాలాసార్లు మొదటి నిమిషాల్లోనే శవం కనిపిస్తుంది కాబట్టి చిన్నపిల్లలతో వద్దు. మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌ని మాత్రం పడుకునే ముందు పెట్టకండి, నాలుగో సీజన్ మొదటిది కూడా చూస్తే గానీ నిద్ర పట్టదు.