రాగి బాయిలర్ (40 లీటర్లు): ఏం చూసి కొనాలి, ఎలా బిగించాలి, ఎక్కడ చెడుతుంది

పెరట్లో కొబ్బరి డొక్కలో, కంది కట్టెలో, సర్కారు తుమ్మ మొద్దులో ఊరికే పడి ఉండే ఇంట్లో స్నానాల నీళ్ళకు రాగి బాయిలర్‌ను మించిన సరుకు లేదు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళకు, కట్టెలు కొని తెచ్చుకునేవాళ్ళకు అది దండగ. లెక్క చాలా తేలిక. 40 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే బాగా ఎండిన కట్టె కిలోంబావు దాకా పడుతుంది. అదే పనికి గీజరు సుమారు ఒకటీ ముప్పావు యూనిట్ల కరెంటు తాగుతుంది. మీ ఊళ్ళో కట్టె ధర, కరెంటు ధర పక్కపక్కన పెట్టుకుంటే జవాబు మీకే దొరుకుతుంది. ఆ 40 లీటర్లలో చన్నీళ్ళు కలుపుకుంటే నాలుగు బకెట్ల గోరువెచ్చని నీళ్ళు వస్తాయి.

ఇక బాయిలర్ సంగతి. ఒకే ఎత్తు, ఒకే మెరుపు ఉన్న రెండు బాయిలర్లలో ఒకటి మనవల కాలం దాకా వస్తుంది, ఇంకోటి రెండో చలికాలానికే అడుగున కారుతుంది. తేడా అంతా రేకు మందంలో, అతుకులో ఉంటుంది. మెరుగుపెట్టిన బయటి ఒంటిని చూస్తే ఈ రెండూ తెలియవు.

మందం తెలుసుకోవడానికి తూకమే దారి. 40 లీటర్లు పట్టే బాయిలర్ సుమారు 36 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. మధ్యలో 12 సెంటీమీటర్ల నడి గొట్టం, ఆ గొట్టంలోనే మంట, దాని చుట్టూ నీళ్ళు. ఈ కొలతలకు 20 గేజి రేకు, అంటే 0.9 మిల్లీమీటర్ల రేకు వాడితే రాగి ఒక్కటే ఏడున్నర కిలోలు తూగాలి. 24 గేజి వాడితే ఐదు కిలోల లోపే ఉంటుంది. కాళ్ళు, జల్లెడ (కట్టెలు ఆనే కడ్డీల చట్రం), బూడిద పళ్ళెం ఇనుపవి కాబట్టి వాటిని ఊడదీయించి, ఒట్టి రాగి ఒళ్ళు తూకం వేయించండి. అన్నీ కలిపి తూచి రాగి ధర కట్టే కొట్లు ఉన్నాయి, అక్కడ గట్టిగా అడగాలి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకు వెళ్ళండి. రాగి నీళ్ళు పూసిన ఇనుము అయితే టక్కున అతుక్కుంటుంది.

తరవాత టార్చి లైటు వేసి నడి గొట్టం లోపలికి చూడండి. గొట్టం నిలువు అతుకు, గొట్టం అడుగు పళ్ళాన్ని కలిసేచోట గుండ్రటి అతుకు, ఈ రెండే బాయిలర్ ఆయుష్షు. అతుకు గీత పసుపు పచ్చగా ఉంటే వెలిగారం (బోరాక్స్ పొడి) వేసి ఇత్తడితో అతికారన్నమాట. అది 800 డిగ్రీలు దాటితే గానీ కరగదు. గీత తెల్లగా, బూడిద రంగులో ఉంటే సీసం, తగరం కలిపి వేసిన మాటు. అది 200 డిగ్రీలకు అటూ ఇటూగానే కరిగిపోతుంది. బయటి ఒంటికి, గరాటుకు, పై మూతకు మాటు ఉన్నా ఫరవాలేదు. నిప్పు తగిలే చోట మాత్రం ఉండకూడదు. చివరగా నిండా నీళ్ళు పోయించి, పొడి గచ్చు మీద ఒక గంట నిలబెట్టి చూడండి. కొట్టువాళ్ళకు అంత ఓపిక లేకపోతే ఇంకో కొట్టుకు వెళ్ళడం మేలు.

నీళ్ళు పట్టే పద్ధతిని బట్టి ఇవి రెండు రకాలు. అడుగున కుళాయి ఉండేది ఒకటి. రెండోదానికి కుళాయే ఉండదు. గరాటు గొట్టం లోపల అడుగు దాకా దిగి ఉంటుంది, పైన పక్కకు ముక్కు ఉంటుంది. గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే అవి అడుగుకు చేరి, పైన తేలి ఉన్న వేడినీళ్ళను చెంబెడు ముక్కులోంచి బయటికి తోస్తాయి. నా ఓటు రెండోదానికే. చన్నీళ్ళు పోయకుండా వేడినీళ్ళు తీయడం అందులో కుదరదు, కాబట్టి బాయిలర్ ఎప్పటికీ ఖాళీ అవ్వదు. కుళాయి రకంలో ఇంట్లో ఆఖరున స్నానం చేసినవాళ్ళు అడుగు దాకా వంపేసి వెళితే, కింద నిప్పులు ఇంకా ఎర్రగానే ఉంటాయి. నీళ్ళు లేని రాగి నిమిషాల్లో ఎర్రబారి అతుకు వదిలేస్తుంది. చెడిపోయిన బాయిలర్లలో ఎక్కువ వాటికి మూలం ఇదే. కుళాయి రకమే కొంటే కుళాయి అడుగుకు కనీసం నాలుగు వేళ్ళ పైన ఉండాలి, సైజు ముప్పావు అంగుళం ఉండాలి. అరంగుళం కుళాయి సున్నం పెచ్చులతో మూసుకుపోతుంది.

ఈ ముక్కు రకం కొత్తగా కొన్నవాళ్ళు కంగారుపడే విషయాలు రెండున్నాయి. నిండా పోసి వెలిగించాక ముక్కులోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటాయి. వేడికి నీళ్ళు పొంగుతాయి కదా, 60 డిగ్రీలకు చేరేసరికి అరలీటరుకు పైగా అలా బయటికి వస్తుంది. కింద చెంబు పెట్టుకుంటే సరి. రెండోది, వెలిగించిన మొదటి పది నిమిషాల్లో బూడిద పళ్ళెంలోకి టప్‌టప్‌మని చుక్కలు రాలి నిప్పుల మీద చుయ్‌మంటాయి. బాయిలర్ కారుతోందని వెంటనే వెనక్కి పట్టుకెళ్ళిపోతుంటారు. అది పొగలో ఉన్న తేమ. గొట్టం అవతల చన్నీళ్ళు ఉన్నాయి కాబట్టి, పొగ ఆ చల్లని రాగికి తగిలి చెమట పడుతుంది. నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక చుక్కలు ఆగిపోతే చెమటే. ఆగకుండా ఒకే చోటునుంచి వస్తూ, చల్లారాక అక్కడ పచ్చని చిలుము గీత కనబడితే అది నిజంగా కారడం.

బిగింపు. నిండిన బాయిలర్ 55, 60 కిలోల బరువు, కాబట్టి మట్టి నేల మీద నిలబెడితే ఒక కాలు దిగబడి ఒరుగుతుంది. ఇటుకలతో అడుగు ఎత్తున దిమ్మె కట్టి, పైన గచ్చు చేసి, మూడు కాళ్ళూ సమంగా ఆనేలా పెట్టాలి. కుళాయి కింద బకెట్ పట్టాలంటే 15 అంగుళాల ఎత్తు కావాలి. చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. ఇంటికి నైరుతి వైపు పెట్టుకుంటే పొగ ఇంట్లోకి రాదు. వాస్తు ప్రకారం ఆగ్నేయమే కావాలనుకుంటే పెట్టుకోండి, పొగ గొట్టం మాత్రం మనిషి తల ఎత్తు దాటాలి. నడి గొట్టం మీద నాలుగడుగుల రేకు గొట్టం సరిపోతుంది. పదడుగులు పెడితే గాలి లాగుడు ఎక్కువై వేడి ఆకాశానికి పోతుంది. తాటాకు పాక, గడ్డివాము, ఆరేసిన బట్టలు దగ్గరలో ఉండకూడదు. కొబ్బరాకు నిప్పురవ్వ చాలా దూరం ఎగురుతుంది.

స్నానాల గదిలో పెట్టడం మాత్రం వద్దే వద్దు. మంట ఆరి, పొగ లేకుండా ఎర్రగా కనిపించే నిప్పులే ఎక్కువ ప్రమాదం. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలుపు మూసిన చిన్న గదిలో మనిషికి తెలివి తప్పడానికి ఎంతోసేపు పట్టదు. వానకు తడుస్తుందనుకుంటే మూడు వైపులా తెరిచి ఉన్న రేకుల చావడి చాలు.

చాలామంది డాబా మీది ట్యాంకు నుంచి నేరుగా పైపు లాగి, ముక్కు మూసి, కుళాయి బిగించేస్తున్నారు. ఇది చాలా పెద్ద తప్పు. ట్యాంకు ఆరు మీటర్ల ఎత్తున ఉంటే చదరపు సెంటీమీటరుకు 600 గ్రాముల ఒత్తిడి పడుతుంది. 36 సెంటీమీటర్ల అడుగు పళ్ళెం మీద అది ఐదు క్వింటాళ్ళు దాటుతుంది. 0.9 మిల్లీమీటర్ల రేకు దాన్ని మోయలేదు, పళ్ళెం ఉబ్బి అతుకు నోరు తెరుస్తుంది. పైగా ఆవిరికి దారి లేకపోతే బాయిలర్ పేలుతుంది. గొట్టాలతో నీళ్ళు రావాలని ఉంటే పక్కనే 20 లీటర్ల చిన్న తొట్టి పెట్టి, అందులో తేలే బంతి కుళాయి బిగించి, తొట్టి నీటి మట్టం బాయిలర్ పై అంచుకు ఒక అడుగు మించకుండా చూడండి. పై మూత నుంచి అరంగుళం ఆవిరి గొట్టం ఆ నీటి మట్టానికి రెండడుగుల పైకి లేచి, నోరు తెరుచుకుని, గోడ వైపు తిరిగి ఉండాలి. దానికి వాల్వు ఎప్పుడూ పెట్టకండి. వేడినీళ్ళ వైపు మామూలు పీవీసీ గొట్టం మెత్తబడి వంగిపోతుంది, వేడిని తట్టుకునే సీపీవీసీ వాడాలి. జీఐ పైపును (జింకు పూసిన ఇనుప పైపును) రాగికి నేరుగా తగిలిస్తే ఆ పైపు త్వరగా తుప్పుపట్టి చిల్లులు పడుతుంది. మధ్యలో ఇత్తడి జాయింటు ఉంటే కాస్త నయం.

ఇంధనం విషయంలో ఈ బాయిలర్‌కు పట్టింపులు తక్కువ, కానీ అన్నీ ఒక్కలా మండవు. సర్కారు తుమ్మ, సరుగుడు అన్నిటికన్నా మేలు, నిప్పు నిలుస్తుంది. కంది కట్టె, పత్తి కట్టె భగ్గున మండి ఆరిపోతాయి, పక్కన ఎవరో ఒకరు కూర్చుని ఎగదోస్తూ ఉండాలి. గింజ ఒలిచిన మొక్కజొన్న కండెలు రాజేయడానికి చాలా బాగుంటాయి. కొబ్బరి చిప్పలు గుప్పెడు వేస్తే చాలు. ఎక్కువ వేస్తే జల్లెడ కడ్డీలు ఎర్రబడి వంగుతాయి. కొబ్బరి డొక్కలు బాగా మండుతాయి గానీ వాటి బూడిదలో ఉప్పు గుణం ఎక్కువ, తేమ తగిలితే రాగిని తినేస్తుంది. కోనసీమ ఇళ్ళలో రోజూ బూడిద ఎత్తడం అందుకే తప్పనిసరి. పిడక మంటకు పనికిరాదు, కాగిన నీళ్ళు చల్లారకుండా ఉంచడానికి పనికొస్తుంది. వరి ఊక ఈ జల్లెడ మీద మండదు, గాలి దారి మూసేస్తుంది. దానికి ఊక పొయ్యి వేరే ఉంది. ప్లాస్టిక్, ట్యూబులు, రంగువేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు వేయకండి. ఆ పొగ మనిషికీ చేటే, రాగికీ చేటే.

వెలిగించే పద్ధతి చెప్పాలంటే, ముందు నీళ్ళు, తరవాతే నిప్పు. ముక్కులోంచి పొర్లేదాకా పోయాలి. బూడిద తలుపు బార్లా తెరిచి, నిన్నటి బూడిద లాగేసి, ఎండు కొబ్బరాకు రెండు ముడతలు, వేలెడు లావు పుల్లలు వేసి రాజేయాలి. అది అందుకున్నాక బెత్తెడు, జానెడు పొడవున కొట్టిన కట్టెలు రెండేసి మూడేసి వేయాలి. గొట్టంలో సగానికి మించి కుక్కితే గాలి ఆడక నల్లటి పొగ, జిగురు మసి వస్తాయి. ఎండు కట్టెతో అరగంటలో నీళ్ళు సిద్ధం. పచ్చి కట్టెతో గంట పడుతుంది, కట్టె దాదాపు రెట్టింపు ఖర్చవుతుంది. ఆదిలాబాద్, లంబసింగి వైపు చలిలో 15 డిగ్రీల నీళ్ళతో మొదలుపెడితే ఇంకో 350 గ్రాముల దాకా కట్టె కలుపుకోవాలి.

నిప్పులు పూర్తిగా ఆరాక నడి గొట్టం నోటికి మూత పెట్టండి. పెట్టకపోతే అదే గొట్టం చల్లగాలిని కిందనుంచి పీల్చి, కాగిన నీళ్ళ వేడిని పైకి మోసుకుపోతుంది. నిప్పు ఉండగా మాత్రం మూయకూడదు. బకెట్లో ముందు చన్నీళ్ళు పోసి, వాటిలోకి వేడినీళ్ళు పట్టాలి. 60 డిగ్రీల నీళ్ళు ఐదు సెకన్లలో ఒళ్ళు కాలుస్తాయి. తెర్లే నీళ్ళను ముక్కు ఉన్నట్టుండి ఉమ్ముతుంది, పిల్లలు తిరిగే వైపు దాన్ని తిప్పకండి.

బోరు నీళ్ళ ఊళ్ళలో ఈ బాయిలర్‌కు అసలు శత్రువు సున్నం. గొట్టం నీళ్ళ వైపున తెల్లటి గార పేరుకుంటుంది. నీళ్ళకూ రాగికీ మధ్య అది దుప్పటి కప్పినట్టు అడ్డు. రాగిలోని వేడి, నీళ్ళలోకి దిగక, అతుకు దగ్గరే కూడుకుంటుంది. అందుకే గార పట్టిన బాయిలర్‌కు మాటు వేయిస్తే నెల తిరక్కుండా మళ్ళీ కారుతుంది. ముందు గార తీయాలి, తరవాతే అతుకు. మంట వేసినప్పుడు లోపల పటపటమని చప్పుడు వస్తున్నా, అదే కట్టెకు నీళ్ళు ఆలస్యంగా కాగుతున్నా గార పట్టిందని గుర్తు. 40 లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో కిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి పోసి, నిప్పు లేకుండా మూడు గంటలు వదిలేయాలి. బుసబుస పొంగుతుంది, నోళ్ళు మూయకండి. నీలంగా దిగే ఆ నీళ్ళు మొక్కలకు, పశువుల తొట్టికి పోకూడదు. తరవాత మూడుసార్లు కడగాలి. బాత్‌రూమ్ యాసిడ్ పోయకండి, గారతో పాటు అతుకునూ, ఇత్తడి కుళాయినీ తింటుంది. గట్టి బోరు నీళ్ళయితే ఏడాదికి రెండుసార్లు ఇది తప్పదు. నీళ్ళను తెర్లనివ్వకుండా 60 డిగ్రీల దగ్గర ఆపితే గార బాగా తగ్గుతుంది.

మసి గీకడం వారానికి ఒకసారి, గోనె గుడ్డ చుట్టిన కర్రతో. బూడిద పళ్ళెం నిండి జల్లెడకు తగలనివ్వకండి. కిందనుంచి వచ్చే గాలే కడ్డీలను చల్లబరుస్తుంది, అది ఆగితే కడ్డీలు సాగిపోతాయి. పోత ఇనుము జల్లెడ ఒకటి అదనంగా కొని పెట్టుకోండి. ఊడి వచ్చే జల్లెడే ఉండాలి, అతికేసినది వద్దు.

స్టీలు బాయిలర్‌తో పోలిక అడుగుతారు. రాగి చాలా త్వరగా కాగుతుందన్న అమ్మకపు మాటలో నిజం కొంతే. ఇంత పల్చటి రేకులో వేడి ప్రయాణానికి లోహం అడ్డంకి కాదు, పొగ నుంచి లోహానికి వేడి దిగడమే నిదానం. అది రెంటికీ ఒకటే. మంచినీళ్ళ ఊళ్ళో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బాయిలర్ నిక్షేపంగా పనిచేస్తుంది. తీరప్రాంతపు ఉప్పు బోరు నీళ్ళకు మాత్రం స్టీలు వెల్డింగుల పక్కన సూది రంధ్రాలు పడతాయి, అక్కడ రాగే కొనాలి. పైగా పాతబడ్డ రాగికి తూకం మీద డబ్బు వస్తుంది. వేడిని రాత్రంతా నిలపాలంటే మాత్రం వేడిని ఆపే గాజు దూది (గ్లాస్‌వూల్) పొర ఉన్న స్టీలు రకమే మెరుగు.

కొత్త బాయిలర్‌లో మొదటి రెండుసార్లు కాచిన నీళ్ళు పారబోయండి, లోపల వెలిగారం మిగిలి ఉంటుంది. వేసవికి పక్కన పెట్టేటప్పుడు నీళ్ళన్నీ వంపి, గొట్టంలో బూడిద చిటికెడు కూడా లేకుండా తుడిచి, ఒక పూట ఎండలో పెట్టి, గరాటు కిందికి వచ్చేలా బోర్లించండి. బయటి ఒంటికి చింతపండు రుద్దితే రంగు వస్తుంది. గొట్టం లోపల రుద్దే పని లేదు.