విశాఖ బీచ్ రోడ్డులో రెండు రోజులు: కుర్సురా, టీయూ-142

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి పొద్దున్న ఆరు దాటింది. వెంట మా బాబాయి ఉన్నాడు. సింగరేణిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. జలాంతర్గామి లోపలికి వెళ్లి చూడాలని ఆయనకు ఎన్నాళ్ల నుంచో కోరిక. అందుకే ఈసారి అరకు, బొర్రా వద్దనుకున్నాం. ఉన్న రెండు రోజులూ ఆర్కే బీచ్ చుట్టూనే తిరిగాం.

ముందు బస సంగతి. ఫొటోల్లో ‘సీ వ్యూ’ అని చూసి బీచ్ దగ్గర ఒక హోటల్ బుక్ చేశాను. తీరా వెళ్తే మా గది కిటికీ పక్క బిల్డింగ్ గోడకు తెరుచుకుంది. గది మార్చమంటే ఇంకో 1,200 కట్టమన్నారు. రాత్రంతా జనరేటర్ మోతతో బాబాయికి నిద్రే లేదు. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జికి మారాం. సముద్రం కనిపించదు కానీ గది శుభ్రంగా ఉంది, అడిగిన వెంటనే వేడినీళ్లు వచ్చాయి, కిందికి దిగితే ఇడ్లీ, పెసరట్టు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ వైపే చూసుకోండి. యాప్‌లో క్యాబ్ రెండుసార్లు క్యాన్సిల్ అయింది. ఆ తర్వాత ఆటోలే నమ్ముకున్నాం.

కుర్సురా అంటే బీచ్‌లో మ్యూజియంగా మార్చిన పాత జలాంతర్గామి. దానికి సోమవారం సెలవు. మేం మంగళవారం మధ్యాహ్నం తెరవగానే వెళ్లాం. ఆ టైమ్‌లో జనం తక్కువ, ఆగి చూడొచ్చు. ఇసుక మీద నిలబెట్టిన ఆ నల్లటి పడవ పొడవు 91 మీటర్లు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి తప్పుకుని, 2002 నుంచి ఇక్కడ మ్యూజియంగా ఉంది. లోపల ఏడు గదులు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలోంచి తల వంచి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టమే. బాబాయి మాత్రం అలవాటైన పనిలా దాటేశాడు.

ముందు గదిలో ఆరు టార్పిడో గొట్టాలు. టార్పిడో అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధం. వాటి పక్కనే నావికుల పడకలు. ఇంత ఇరుకులో సుమారు 75 మంది వారాల తరబడి బతికారు. అందరూ అక్కడ సెల్ఫీలు దిగుతుంటే బాబాయి గైడ్ దగ్గరికి వెళ్లి, “సార్, గాలి ఎట్ల వస్తది?” అని అడిగాడు. గైడ్ నేవీలో చేసి రిటైరైన మనిషి. ఆ ప్రశ్నకు ఆయన ముఖం వెలిగింది. నీళ్లపైన డీజిల్ ఇంజన్లు, నీళ్లలోపల బ్యాటరీలు. బ్యాటరీలు ఛార్జ్ చేయాలంటే ఇంజన్లు నడవాలి, ఇంజన్లకు గాలి కావాలి. అందుకని పైకొచ్చి, కనీసం ఒక గొట్టమైనా నీళ్లపైకి పెట్టాలి. శత్రువు రాడార్‌కు దొరికేది అప్పుడే. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ పుడుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు అన్నాడాయన. “మా బొగ్గు బాయిల మీథేన్, మీకు హైడ్రోజన్” అన్నాడు బాబాయి. ఇద్దరూ పది నిమిషాలు గాలి గురించే మాట్లాడుకున్నారు.

నేను సోనార్ గది దగ్గర, అంటే నీళ్లలో చప్పుళ్లు విని ఓడల్ని పట్టే పరికరం ఉన్న చోట, ఆగిపోయాను. గదంటే అల్మరా అంత. అందులో ఒక మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పైన పోతున్న ఓడ యంత్రాల చప్పుడు విని అది ఏ రకం ఓడో, ఎటు పోతోందో చెప్పాలి. తమను వెతికే శత్రువు ఓడ దగ్గరికొస్తే లోపల ఫ్యాన్లు ఆపేస్తారు, మాటలు బంద్. ఫిరంగుల కాలంలో ఓడకు ఎదురుగా ఓడ కనపడేది. టార్పిడో, జలాంతర్గామి వచ్చాక కంటితో చేసే యుద్ధం చెవికి మారింది. ఎవరు ముందు వింటే వాళ్లు బతుకుతారు.

1971 యుద్ధంలో, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఇదే తీరానికి దగ్గర్లో పాకిస్థాన్ జలాంతర్గామి గాజీ మునిగిపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడం కోసం వచ్చింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు ఉంది. అది ఇక్కడే ఉందన్నట్టు మనవాళ్లు రేడియో సందేశాలతో నమ్మించారు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే (నీళ్లలోపల పేలే బాంబులు) ముంచాయని మనం, లోపలి పేలుడు వల్లే అని వాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ తర్వాత డిసెంబరు 9న, డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ టార్పిడోతో ముంచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జలాంతర్గామి ముంచిన మొదటి యుద్ధనౌక అది. దాని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే వెళ్లిపోయారు.

రెండో రోజు మధ్యాహ్నం, రోడ్డుకు అటువైపున్న టీయూ-142. జలాంతర్గాములను వెతికే ఈ విమానం మన నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరైంది. పొడవు 53 మీటర్లు. ఇది సముద్రం మీద తిరుగుతూ గొట్టాల్లాంటి సోనోబాయ్‌లను జారవిడిచేది. అవి నీళ్లలో తేలుతూ, కిందికి మైక్ వేలాడదీసి, విన్నదంతా రేడియోలో పైకి పంపేవి. అంటే ఇది కూడా చెవే, కాకపోతే ఆకాశంలో ఉన్న చెవి. మొదటి రోజు కుర్సురా చూడకుండా నేరుగా ఇక్కడికొస్తే నాకు ఇది పెద్ద విమానంగా మాత్రమే కనిపించేది. మీరు కూడా ముందు కుర్సురా, తర్వాత ఇది చూడండి. ఒకే రోజు రెండూ పెట్టుకోవద్దు, హడావుడైపోతుంది.

టైమ్ ఉంటే పాత డచ్ బంగ్లాలోని విశాఖ మ్యూజియం చూడొచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద వేసిన బాంబు తాలూకు అవశేషం అక్కడుంది. మిగతాదంతా మేం అరగంటలో చూసేశాం.

సాయంత్రం 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర మురీ మిక్చర్ కొనుక్కుని కూర్చున్నాం. బాబాయి పొట్లం విప్పలేదు.

“ఖుక్రీల ఎంతమంది అన్నవ్?”

“18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు.”

“గాజీల?”

“90కి పైనే. ఒక్కరూ బయటపడలేదు.”

ఇంకేం అడగలేదు. ఆటో దొరికేదాకా నీళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.