విడుదల కాని హాస్య పుస్తకాలకు ముందే డబ్బు కడుతున్నారా? బెంగళూరు తెలుగు పాఠకులు జాగ్రత్త

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు అపార్ట్‌మెంట్ల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తరహా పోస్టరు తిరుగుతోంది. ఐదు కొత్త హాస్య పుస్తకాలు, విడుదలకు ముందే మీ చేతికి, సెట్టు 999 రూపాయలు, ఈ రాత్రితో ఆఖరు. డబ్బు వెళ్తోంది, పుస్తకాలు రావడం లేదు. కొందరికి నెలల తరబడి ‘ప్రెస్‌లో ఉందండి’ అన్న జవాబు ఒక్కటే వస్తోంది.

బుకింగే మానేయమని చెప్పడం లేదు. అవెన్యూ రోడ్డులోనో చర్చ్ స్ట్రీట్‌లోనో కన్నడ, ఇంగ్లీషు పుస్తకాలు దొరికినట్టు కొత్త తెలుగు పుస్తకం దొరకదు. తెలుగు ప్రచురణకర్తలు చాలామంది వేసేది తక్కువ ప్రతులే. ముందస్తు చందా వస్తేనే కాగితం కొనగలిగే చిన్న సంస్థలూ ఉన్నాయి. వాళ్లను నిలబెట్టాలంటే ముందే కట్టాలి, కానీ కట్టేముందు కొన్ని అడగాలి.

మోసగాళ్లకు హాస్యమే ఎందుకు అనుకూలం? కార్టూను ముఖచిత్రం ఒకటి, నవ్వించే పేజీలు రెండు చూపిస్తే చాలు, మనసు పడిపోతుంది. ఆ రెండు పేజీలు పాత పత్రికల్లోంచి ఎత్తినవైనా గుర్తుపట్టడం కష్టం. పైగా పండక్కి పెద్దవాళ్లకు ఇవ్వడానికని ఒక్కొక్కరు మూడు నాలుగు సెట్లు కొంటారు. పోయింది కొద్ది మొత్తమే కదా అని ఎవరూ ఫిర్యాదు చేయరు. వాళ్ల ధైర్యమంతా అదే.

‘ప్రెస్‌లో ఉంది’ అన్న మాటను పరీక్షించడానికి ఒక్క ప్రశ్న చాలు: ఎన్ని పేజీలు? పుస్తకం నిజంగా అచ్చుకు వెళ్లిందంటే పేజీల లెక్క తేలిపోయినట్టే. మామూలుగా కనిపించే డెమ్మీ 1/8 సైజు పుస్తకాన్ని సాధారణంగా 16 పేజీల ఫారాలుగా, అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచే కట్టలుగా అచ్చువేస్తారు. 160 పేజీలంటే 10 ఫారాలు. పేజీలు తేలనిదే వెన్ను (రెండు అట్టల మధ్య పక్క అంచు) మందం తెలియదు, వెన్ను తెలియనిదే అట్ట పూర్తికాదు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) కాగితం మీద 160 పేజీలకు వెన్ను సుమారు 8 మిల్లీమీటర్లు వస్తుంది. కాబట్టి ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట కలిసి ఉన్న పూర్తి అట్ట ఫొటో పంపమనండి. పుస్తకం నిలబెట్టినట్టు కనిపించే కంప్యూటర్ బొమ్మను ఎవరైనా పది నిమిషాల్లో చేస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ‘సుమారు 150, 200 ఉండొచ్చు’ అని జవాబు వస్తే పుస్తకం ఇంకా డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే) దశ దాటలేదని అర్థం. అది మోసమే కానక్కర్లేదు, కానీ వచ్చే నెల తేదీని మాత్రం నమ్మకండి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు కూడా అడగండి. మన దేశంలో దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. 13 అంకెలు, మొదలు 978-93 లేదా 978-81. అంకెలను వరసగా 1తో, 3తో, మళ్లీ 1తో, 3తో గుణించి కూడితే మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. 97893 వరకే కూడితే 68 వస్తుంది, మిగతా ఎనిమిది అంకెలు మీరు వేసి చూడండి. కుదరకపోతే ఆ నంబరు కల్పించిందో, తప్పు పడిందో. కుదిరినంత మాత్రాన పుస్తకం ఉన్నట్టు కాదు. వేరే పుస్తకం నంబరు తెచ్చి పెట్టేవాళ్లూ ఉంటారు.

నిజాయితీ గల ఆలస్యం ఎలా ఉంటుందో కూడా తెలియాలి, లేకపోతే మంచివాళ్లను అనుమానిస్తాం. హాస్య పుస్తకాలకు లోపలి బొమ్మలు ఉంటాయి. చిత్రకారుడి దగ్గర నాలుగు బొమ్మలు ఆగితే పేజీలన్నీ ఆగుతాయి. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిరు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉండటంతో ఆ రెండు నెలలూ ప్రెస్సులు, బైండింగు వాళ్లు ఊపిరాడకుండా ఉంటారు. నిజంగా పని జరుగుతుంటే ఏ దశలో ఆగిందో చెప్పగలరు: రెండో ప్రూఫు దిద్దుతున్నాం, అట్ట లామినేషన్‌కు వెళ్లింది, ఫారాలు మడతకు వచ్చాయి. మోసంలో దశలుండవు, తేదీలు మాత్రం మారుతుంటాయి.

డబ్బు ఎవరి పేరున వెళ్తోందో పిన్ కొట్టేముందు చూడండి. బ్యాంకులో నమోదైన పేరు తెర మీద కనిపిస్తుంది. చిన్న ప్రచురణకర్తలు సొంత నంబరు వాడటం మామూలే కాబట్టి వ్యక్తి పేరు కనిపించగానే దొంగ అనుకోవద్దు. ఆ సంస్థ పాత పుస్తకం ఇంట్లో ఉంటే రెండో పేజీలో, ప్రచురణ వివరాల దగ్గర అచ్చయిన ఫోన్ నంబరుకు చేసి, ఈ బుకింగ్ మీదేనా అని అడగండి. పోస్టరు మీది నంబరుకు చేస్తే పోస్టరు వేసినవాళ్లే ఎత్తుతారు. ఇంకోటి, అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. బిల్లులో పుస్తకం మీద 18 శాతం వేస్తే అక్కడే ఆగిపోండి.

అన్నిటికన్నా ప్రమాదం ‘విడుదలకు ముందే చదవండి, పీడీఎఫ్ 99 రూపాయలు’ అనే రకం. ముందస్తు ప్రతులు నిజంగానే ఉంటాయి. ప్రచురణకర్తలు సమీక్షకులకు ప్రూఫు పూర్తికాని ప్రతిని ఉచితంగా పంపుతారు, దాని మీద ‘అమ్మకానికి కాదు’ అని ఉంటుంది. ముందస్తు ప్రతులు ఇచ్చే నెట్‌గ్యాలీ లాంటి వెబ్‌సైట్లలో పాఠకుడు రుసుమేమీ కట్టడు. కాబట్టి అమ్ముతున్నారంటే అది దొంగిలించిందో, ఉత్తుత్తిదో. సమీక్ష రాస్తే డబ్బిస్తాం, ముందు డిపాజిట్ కట్టండి అనేదీ ఇదే కోవ. ఇక ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే ముట్టుకోకండి. పుస్తకం పీడీఎఫ్‌గానో ఈపబ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే యాప్, మీ ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు చదవగలదు. పొరపాటున వేసుకుంటే వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి.

పంపేశాం అని ట్రాకింగ్ నంబరు ఇస్తే: స్పీడ్ పోస్టు నంబరు 13 గుర్తులు, ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. ఇంకొకరి పార్సిల్ నంబరు ఇచ్చే మోసం ఉంది, కాబట్టి అది చేరే ఊరు, పిన్‌కోడ్ చూడండి. మనది 560తో మొదలవ్వాలి. పోస్టల్ చార్జీ ఎక్కువనిపిస్తే బరువు లెక్కేసుకోండి. 70 జీఎస్ఎం కాగితం మీద 160 పేజీల డెమ్మీ పుస్తకం 200 గ్రాముల లోపే.

డబ్బు తిరిగిస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే అది రెండో దోపిడీ. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఆలోచిస్తూ కూర్చోకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పారిపోతూ ఉంటుంది, మిగిలినదాన్ని ఆపాలంటే గంటలు కూడా లెక్కే. 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు, కట్టిన సమయం, అవతలి యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకోండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో, మీ డివిజన్‌లో సైబర్ నేరాలు చూసే పోలీస్ స్టేషన్‌లోనో రాతపూర్వకంగా ఇవ్వండి. నిజమైన ప్రచురణకర్తే ఆలస్యం చేసి డబ్బివ్వకపోతే అది వినియోగదారుల వ్యవహారం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుం లేదు, రెండేళ్ల గడువు ఉంది, ఫిర్యాదు బెంగళూరులోనే వేయవచ్చు.

చాట్ తెలుగులో ఉంటుంది, స్టేషన్‌లో చదివేవాళ్లు చాలావరకు కన్నడవాళ్లు. ఒక్కో స్క్రీన్‌షాట్ కింద అందులో ఏముందో కన్నడలోనో ఇంగ్లీషులోనో రెండు ముక్కలు రాసి పట్టుకెళ్లండి. ఆ నంబరును బ్లాక్ చేసి కోపం తీర్చుకోకముందే చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. అవతలివాళ్లు మెసేజ్‌లు డిలీట్ కొడితే ఆధారం చేజారిపోతుంది.