ఆరు కప్పుల్లో ఒకే రుచి: చైనా తేనీటి సెట్టుతో మూడు నెలలు

ఆదివారం సాయంత్రం ఐదారుగురు మిత్రులు నల్లగొండలోని మా డాబా మీద కూర్చోవడం చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. గంజు నిండా పాల చాయ్ కాచి గ్లాసుల్లో పోస్తే పది నిమిషాల్లో అయిపోయేది, ఆ తరువాత ఎవరి ఫోను వారు తీసేవారు. మూడు నెలల క్రితం ఆన్‌లైన్‌లో తెప్పించిన చైనా తేనీటి సెట్టు ఆ పది నిమిషాలను గంటన్నర చేసింది. ఈ సమీక్ష ప్రధానంగా ఆ గంటన్నర గురించే.

పెట్టెలో 150 మిల్లీలీటర్ల తెల్ల పింగాణీ గైవాన్, అంటే మూత, అడుగున సాసరు ఉన్న గిన్నె, ఒక గాజు పాత్ర, ఆరు చిన్న కప్పులు, ఒక వెదురు పళ్లెం వచ్చాయి. సెట్టు ధర 2,600 రూపాయలు. దీనితో పాటు ఫుజియాన్ రాష్ట్రంలోని ఆన్‌షీ ప్రాంతపు ఊలాంగ్ (గ్రీన్ టీకీ, బ్లాక్ టీకీ నడిమి రకం) తేయాకు టియెగ్వాన్‌యిన్ 50 గ్రాములు, యునాన్ రాష్ట్రపు పండిన ప్యూఎర్, అంటే పులియబెట్టిన తేయాకును అదిమి చేసిన బిళ్ల ఒకటి తీసుకున్నాను. ప్యూఎర్ బిళ్ల బరువు 357 గ్రాములు. అలాంటివి ఏడు కలిపి కట్టగా కట్టడం అక్కడి పాత సంప్రదాయం కాబట్టి కట్ట మొత్తం రెండున్నర కిలోలు తూగుతుంది.

ముందుగా చెప్పవలసినది ఆ గాజు పాత్ర గురించి. చూడడానికి మామూలు పాల జగ్గులాగే ఉంటుంది గానీ, చైనా భాషలో దాని పేరుకు 'న్యాయపు పాత్ర' అని అర్థం. గైవాన్ నుంచి నేరుగా కప్పుల్లోకి వంచితే మొదటి కప్పులో పలచగా, చివరి కప్పులో చిక్కగా పడుతుంది. మొత్తం తేనీటిని ముందు ఈ పాత్రలోకి వంపి, అక్కడి నుంచి కప్పుల్లో పోస్తే పెద్దవారికీ, పిల్లవాడికీ, అతిథికీ, ఆతిథ్యం ఇచ్చేవారికీ ఒకే రుచి అందుతుంది. విందు పంక్తిలో ముందు కూర్చున్నవారికి ముక్కలు, చివర ఉన్నవారికి పులుసు వడ్డించే తీరును చిన్నప్పటి నుంచి చూసిన నాకు ఈ ఒక్క పాత్ర కోసమైనా సెట్టు కొనవచ్చునని అనిపించింది. 2022లో యునెస్కో చైనా తేయాకు తయారీ పద్ధతులను తన వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, వాటితో ముడిపడిన సామాజిక ఆచారాలను కూడా కలిపే చేర్చింది. ఈ పాత్రను వాడుతున్నప్పుడు అందుకు కారణం తేలికగా అర్థమవుతుంది.

కప్పును నిండా పోయకూడదు, పదింట ఏడు వంతులే పోయాలి. మొదటి రోజు మా పెద్దమ్మ ఆ కప్పును అరచేతిలో పెట్టుకుని, "గిన్ని నీళ్లకు నోరు తడుస్తదా బిడ్డా?" అని అడిగింది. ఆరో వంపు వచ్చేసరికి ఆమే, "మల్ల పొయ్యి" అని కప్పు ముందుకు జరిపింది. ఎనిమిది గ్రాముల ఆకు మీద మరిగే నీళ్లు పోసి, ఇరవై సెకన్లలోపే వంపేస్తూ ఉంటే ఊలాంగ్ ఏడు సార్లు, ప్యూఎర్ తొమ్మిది పది సార్లు రుచి ఇస్తున్నాయి. ప్రతి వంపుకూ నడుమ నాలుగైదు నిమిషాల ఖాళీ ఉంటుంది. మాట పుట్టేది ఆ ఖాళీలోనే. పోసేవారు ఒకరే కాబట్టి మిగిలినవారి చూపు ఆ చేతుల మీదే నిలుస్తుంది, ఫోను జేబులోనే ఉండిపోతుంది.

టియెగ్వాన్‌యిన్ ఆకు మిరియపు గింజలాగా గట్టిగా చుట్టుకుని ఉంటుంది. మూడో వంపుకు అది కాడతో సహా పూర్తి ఆకుగా విచ్చుకుంటుంది. వేడి మూతను ఒకరి చేతి నుంచి ఒకరికి అందిస్తూ వాసన చూడడం మాలో అందరికీ ఇష్టమైన పనిగా మారింది. ఒకరు సన్నజాజి అంటే, మరొకరు అప్పుడే తీసిన వెన్న అన్నారు. ప్యూఎర్ రంగు నల్లబెల్లం పాకంలా ఉంటుంది, గొంతులో మెత్తగా దిగుతుంది. దాని బిళ్లను విడదీసే సూది పెట్టెలో లేదు. గోనెసంచులు కుట్టే దబ్బనంతో అంచు నుంచి పొరలుగా లేపాను, ఆకు పెద్దగా నలగలేదు.

దక్షిణ చైనాలోని ఛావోజౌ పట్టణంలో ఎందరు కూర్చున్నా మూడు కప్పులే పెట్టి, ప్రతిసారీ మరిగే నీటితో కడిగి అందరికీ తిప్పుతారు. ఎంగిలి పట్టింపు ఉన్న మన ఇళ్లలో అది కుదరదు, అందుకే ఆరు కప్పుల సెట్టు ఎంచుకున్నాను. దురదృష్టవశాత్తు ఒక కప్పు అంచు విరిగి వచ్చింది. అమ్మినవారు దానిని మార్చి పంపడానికి ఇరవై రోజులు తీసుకున్నారు, ఫొటోలు మూడుసార్లు అడిగారు. అన్ని రోజులూ నేను స్టీలు గ్లాసుతో తాగవలసి వచ్చింది. కలిసి తాగడానికే అమ్మే వస్తువులో ఒక కప్పు తగ్గడం చిన్న లోపం కాదు. గైవాన్ అంచు కూడా బాగా కాలుతుంది. రెండు వారాల పాటు చన్నీళ్లతో సాధన చేసిన తరువాతే అతిథుల ముందు ధైర్యంగా పట్టుకోగలిగాను.

నీటి సంగతి మన జిల్లావారికి వేరుగా చెప్పాలి. బోరు నీటితో చేసిన రోజు కప్పు మీద తెట్టు కట్టింది, వాసన పూర్తిగా చచ్చిపోయింది. నల్లాలో వచ్చే కృష్ణా నీటిని మరిగించి వాడితే రుచి నిలిచింది. ఇంకొకటి, తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో కూడబెట్టుకుంటుంది, లేత ఆకులో తక్కువగా, ముదురు ఆకులో ఎక్కువగా. ముదురు ఆకులను ఇటుకలా అదిమి చేసే ఇటుక టీని ఏళ్ల తరబడి తాగిన టిబెట్ ప్రాంతంలో ఎముకల ఫ్లోరోసిస్ కనిపించింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే ఉన్న జిల్లా మనది, వంగిపోయిన నడుములను కళ్లారా చూసినవాళ్లం మనం. అందుచేత చవకగా దొరుకుతున్నాయని ముదురు ఆకు ఇటుకలు కొనవద్దని, ఏ తేనీరైనా బోరు నీటితో కాచవద్దని గట్టిగా కోరుతున్నాను. నేను లేత ఆకు బిళ్లనే ఎంచుకున్నాను, అది కూడా వారానికి ఒక్కరోజే.

బిళ్లకు 3,200 రూపాయలు పెట్టినప్పుడు ఇంట్లో అభ్యంతరం వచ్చింది. కూర్చున్న ప్రతిసారీ ఎనిమిది గ్రాముల చొప్పున అది నలభై నాలుగు సార్లకు వస్తుంది. అంటే ఒకసారికి 73 రూపాయలు, ఆరుగురిలో తలా పన్నెండు రూపాయలు. 50 గ్రాములకు 900 పెట్టిన ఊలాంగ్ ఖర్చు దాదాపు రెట్టింపు పడుతుంది, దానిని పండుగ రోజులకే ఉంచుతున్నాను. ఒంటరిగా తాగేవారికి ఈ సెట్టు అవసరం లేదు, గ్లాసులో నాలుగు ఆకులు వేసుకున్నా సరిపోతుంది. వారానికి ఒక్కసారైనా నలుగురు కూర్చునే ఇల్లయితే తప్పక తీసుకోండి, పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి.

దక్షిణ చైనాలో తేనీరు పోసినవారికి కృతజ్ఞతగా రెండు వేళ్లు వంచి బల్ల మీద తడతారు. మారువేషంలో తిరుగుతున్న చియెన్‌లాంగ్ చక్రవర్తి స్వయంగా తేనీరు పోస్తే, మోకరిల్లలేని పరివారం వేళ్లతో మొక్కారని అక్కడ కథగా చెప్పుకుంటారు. ఈ సంగతి ఒకసారి చెప్పాను. పోయిన ఆదివారం పెద్దమ్మ కప్పు నిండగానే, మాట ఆపకుండానే, చాప మీద రెండు వేళ్లతో తట్టింది.