చైనా జేడ్: హోతాన్ రాయి మేలా, షియుయాన్ రాయి మేలా?

రెండింటినీ నగలకు, శిల్పాలకు వాడే జేడ్ అనే అమ్ముతారు, ఖనిజాలు మాత్రం వేరు. షిన్‌జియాంగ్‌లోని హోతాన్ రాయిలో ప్రధానంగా ఉండేది ట్రెమొలైట్. లియావోనింగ్‌లోని షియుయాన్ నుంచి ఎక్కువగా వచ్చేది సర్పెంటైన్.

హోతాన్ దగ్గరి కున్‌లున్ పర్వతాల్లో డోలమైట్ పాలరాయిలోకి గ్రానైట్ జాతి శిలాద్రవం చొచ్చుకొచ్చింది. ఆ వేడికి, సిలికా మోసుకొచ్చిన వేడినీటికి డోలమైట్‌లోని కాల్షియం, మెగ్నీషియం తోడై ట్రెమొలైట్ ఏర్పడింది. ఇనుము తక్కువైతే తెలుపు, పెరిగేకొద్దీ ఆకుపచ్చ, గ్రాఫైట్ కలిస్తే నలుపు. షియుయాన్‌లోనూ మూలం మెగ్నీషియం నిండిన పాలరాయే, కానీ సర్పెంటైన్‌లో కాల్షియం ఉండదు. (మన పులివెందుల దగ్గర వేంపల్లె డోలమైట్‌లోకి డోలరైట్ అనే అగ్నిశిల చొరబడిన చోట కూడా సర్పెంటైన్ ఉంది. అక్కడ పేరొచ్చింది ఆస్బెస్టాస్‌కి!)

చేతికి వేసుకునే కంకణమైతే నా ఓటు హోతాన్‌కే. దాని కాఠిన్యం, అంటే గీత పడకుండా తట్టుకునే గుణం, మోస్ స్కేలు మీద 6 నుంచి 6.5, క్వార్ట్జ్ కన్నా తక్కువే. అయినా దెబ్బకు క్వార్ట్జ్ పగిలినంత సులువుగా ఇది పగలదు. కారణం, సన్నని ట్రెమొలైట్ పోగులు చిక్కుపడ్డ కొబ్బరిపీచులా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. హోతాన్ దగ్గరి యురుంగ్‌కాష్ నదిలో దొర్లి వచ్చిన గులకరాళ్లకు అంత ధర పలకడానికి ఒక కారణం ఇదే: బీటలున్న భాగాలు దారిలోనే రాలిపోతాయి. వాటి మీద ఇనుము పట్టిన గోధుమరంగు తొక్క ఉంటుంది. ఆ తొక్కకు రంగేసి మోసం చేసేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

సర్పెంటైన్ మెత్తన. చాలా ముక్కల మీద చాకుమొన గీత పడుతుంది, రోజూ వాడితే మెరుపు తగ్గుతుంది. చేతిలో పట్టుకున్నా తేలికే: నీటితో పోలిస్తే దీని సాంద్రత 2.6 రెట్ల దరిదాపుల్లో, హోతాన్‌ది 2.95 రెట్లు. అయితే పెద్ద శిల్పానికి ఆ మెత్తదనమే వరం, ధరా తక్కువ. 1960లో దొరికిన 260 టన్నుల షియుయాన్ బండ ఇప్పుడు అన్‌షాన్‌లో బుద్ధవిగ్రహంగా ఉంది.

ఇక్కడో మెలిక. షియుయాన్‌లో అసలైన ట్రెమొలైట్ జేడ్ కూడా దొరుకుతుంది. చైనా ప్రమాణాల ప్రకారం ట్రెమొలైట్ జేడ్ ఎక్కడి నుంచి వచ్చినా ‘హోతాన్ జేడ్’ అని సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. కాబట్టి ఆ కాగితం ఖనిజానికే హామీ, ఊరికి కాదు. నది రాయి అని చెప్పి ఎక్కువ అడిగితే, ఆ మాటకు వేరే ఆధారం చూపించమనండి.